గాలికి కూడా నీరటి కావాలి

హైదరాబాదు పాతబస్తీలో, చాంద్రాయణగుట్ట నుంచి పహాడీషరీఫ్ వైపు వెళ్లే దారి దగ్గర, బార్కస్ అనే పేట ఉంది. ఈ పేరు ఎలా వచ్చిందో తెలుసా? ‘బ్యారక్స్’ అనే ఇంగ్లీషు మాట జనం నోళ్లలో నలిగి నలిగి ‘బార్కస్’ అయింది. బ్యారక్స్ అంటే సిపాయిల బస. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిలు ఇక్కడ ఉండేవారు. వారిలో చాలామంది యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవారు. వారి వారసులు ఈనాటికీ ఇక్కడే ఉన్నారు. హరీస్, మండీ, లుంగీల దుకాణాలు, జామపండ్లు – బార్కస్ అనగానే నగరవాసులకు గుర్తుకు వచ్చేవి ఇవే.

ఈ బజారులో ఇప్పుడు కంటికి కనిపించని సరుకు ఒకటి చేరింది. అదే ఇంటర్నెట్. జామపండ్ల బండి మీద కూడా డబ్బు చెల్లించడానికి క్యూఆర్ అట్ట వేలాడుతోంది. బట్టల కొట్టులో బిల్లు కంప్యూటరులో తయారవుతుంది. హోటలులో కెమెరా తిరుగుతుంది. నెట్టు అయిదు నిమిషాలు ఆగితే చాలు, తిన్నవాడు డబ్బు ఇవ్వలేక నిలబడతాడు, అమ్మినవాడు తీసుకోలేక నిలబడతాడు. పెద్ద దుకాణానికి ఇది చిరాకు మాత్రమే. రోజు సంపాదనతో ఇల్లు నడిపే చిన్న వ్యాపారికి అది ఆ పూట కూడు.

మరి దుకాణదారులు ఏం చేస్తున్నారు? ఎవరికి వారు ఒక కనెక్షను తీసుకుని, ఎవరికి వారు ఒక వైఫై రౌటరు పెట్టుకుంటున్నారు. సరిగా అందకపోతే ఇంకా పెద్దది కొంటున్నారు. ఇది తప్పుదారి అని నా అభిప్రాయం. నలభై కొట్లున్న వీధికి నలభై రౌటర్లు అక్కరలేదు. అందరూ కలిసి గీసుకున్న ఒక పటం, దానిని చూసుకునే ఒక బాధ్యుడు ఉంటే చాలు. ఎందుకో సైన్సు ద్వారానే చూద్దాం.

గాలిలో ఏం జరుగుతోంది?

వైఫై అంటే రేడియో తరంగాలే. మన దేశానికి ఇవి కొత్త కాదు. 1895 ప్రాంతంలోనే జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో ఇలాంటి తరంగాలను గోడల గుండా పంపి అవతల గంట మోగించి చూపించారు. నేటి వైఫై ఎక్కువగా వాడే ఒక పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్‌జ్, అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. తరంగదైర్ఘ్యం కావాలంటే వేగాన్ని పౌనఃపున్యంతో భాగించాలని తొమ్మిదో తరగతిలో చదువుకున్నారు కదా! 30ని 240తో భాగిస్తే ఎనిమిదో వంతు మీటరు, అంటే 12.5 సెంటీమీటర్లు. జానెడు కంటే తక్కువ. రెండో రకం వైఫై 5 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో ఉంటుంది. దాని తరంగం సుమారు 6 సెంటీమీటర్లు. చిన్న తరంగం ఎక్కువ సమాచారం మోయగలదు, కాని గోడలు దాటడంలో కాస్త బలహీనం.

2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని మన దేశంలో 13 చానళ్లుగా విభజించారు. 13 ఉన్నాయి కదా అని సంతోషించకండి. పక్కపక్క చానళ్లు ఒకదానిమీద ఒకటి పడుతూ ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 – ఈ మూడే. ఇరుకు వీధిలో నలభై రౌటర్లు మూడు చానళ్లలో ఇరుక్కుంటే ఏమవుతుంది? ఒక్కో చానలులో పదమూడు పద్నాలుగు రౌటర్లు పోటీ పడతాయి.

ఇక్కడ వైఫై ఒక మర్యాద పాటిస్తుంది. మాట్లాడే ముందు వింటుంది. ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి గందరగోళమైతే, ఒక్కొక్కరూ కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తారు. ఇలా ఆగి మళ్లీ పంపే పద్ధతిని 1971లో హవాయి దీవులలో నార్మన్ ఏబ్రామ్‌సన్ బృందం నడిపిన ‘అలోహానెట్’ చేసి చూపింది. తరగతిలో ఇద్దరు ముగ్గురు మాట్లాడితే ఈ మర్యాద చక్కగా సాగుతుంది. నలభై మంది ఒక్కసారి లేస్తే ఆగడంతోనే గంట గడిచిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. వీధి ఈ చివర ఒక ఫోను, ఆ చివర ఒక ఫోను ఉన్నాయనుకుందాం. మధ్యలో ఉన్న యంత్రానికి రెండూ వినిపిస్తాయి, కాని ఒకదాని మాట మరొకదానికి వినిపించదు. వీధి నిశ్శబ్దంగా ఉందనుకుని రెండూ ఒకేసారి మాట్లాడతాయి. మధ్యనున్న దానికి ఏదీ అర్థం కాదు. పొడుగాటి ఇరుకు వీధులలో ఈ బెడద ఎక్కువ.

పెద్ద గొంతు ఎందుకు పనికిరాదు?

“శక్తి ఎక్కువున్న రౌటరు పెడితే సరి!” అంటారు కొందరు. విలోమవర్గ నియమం గుర్తు చేసుకోండి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. కాబట్టి రెట్టింపు దూరం చేరాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. అదీ దారిలో గోడలు లేనప్పటి మాట.

పోనీ, శక్తి పెంచారనుకుందాం. వైఫై రెండువైపులా జరిగే సంభాషణ. రౌటరు మైకులో అరిచినా, కొనుగోలుదారు చేతిలోని ఫోను చిన్న గొంతుతోనే జవాబు చెప్పాలి. ఆ జవాబు రౌటరుకు చేరకపోతే ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం జరగదు. పైగా ఒకరు గొంతు పెంచితే పక్కవారూ పెంచుతారు. చివరికి అందరికీ నష్టమే.

మన ప్రభుత్వం 2005లో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో మరింత భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి విడిచిపెట్టింది. అయితే ప్రసార శక్తికి హద్దు కూడా పెట్టింది. లైసెన్సు అక్కరలేదంటే ఎవరికీ చెందదని కాదు, అందరికీ చెందుతుందని అర్థం.

మన తెలంగాణ పల్లెల్లో చెరువు అలాంటిదే. చెరువు నీరు అందరిదీ. అందుకే తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత పారించాలి అని చూడడానికి నీరటి అనే మనిషి ఉండేవాడు. నీరటి లేకపోతే తూము దగ్గరి పొలం మునుగుతుంది, ఆయకట్టు చివరి పొలం ఎండుతుంది. బజారులోని గాలి కూడా ఇప్పుడు చెరువే. దానికీ నీరటి కావాలంటాను.

తీగల సంగతి

ఎవరికి వారు కనెక్షను తీసుకోవడంలో మరో ప్రమాదం ఉంది. ఒక్కో కనెక్షనుకు ఒక్కో తీగ. అవన్నీ కరెంటు స్తంభాల మీద తీగల కుప్పలుగా వేలాడతాయి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి అయిదుగురు మరణించారు. ఆ వెంటనే బార్కస్‌కు దగ్గరలోని బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తూ ఇద్దరు యువకులు విద్యుత్తు తగిలి చనిపోయారు. తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టింది. నగరంలో చాలా చోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వివాదం హైకోర్టుకు చేరింది.

ప్రాణాలకన్నా నెట్టు ముఖ్యమని ఎవరూ అనరు. అలాగని నెట్టు లేకుండా బజారు నడవదు. వీధికంతటికీ ఒకటి రెండు తీగలు పద్ధతిగా తెచ్చుకుని, మిగతా పంపిణీ గాలి ద్వారా చేసుకుంటే స్తంభాల మీద బరువు తగ్గుతుంది. కత్తిరించవలసిన తీగలే ఉండవు.

పటం ఎలా గీయాలి?

ఊహకు ఒక బజారు తీసుకుందాం. 250 మీటర్ల వీధి, 40 కొట్లు. వాటిలో నాలుగు హోటళ్లు. పది చోట్ల కెమెరాలు.

మొదటి మెట్టు లెక్క. ఒక చెల్లింపుకు పది కిలోబైట్లు అవసరం అనుకుందాం. నలభై కొట్లలో ఒకేసారి చెల్లింపు జరిగినా మొత్తం 400 కిలోబైట్లు, అంటే 3.2 మెగాబిట్లు. సెకనులో అయిపోయే పని. కెమెరా బొమ్మలను బయటికి పంపుతూ ఉంటే ఒక్కోదానికి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పదింటికి 20. నాలుగు హోటళ్లలో అరవై మంది కూర్చుని, వారిలో ఇరవై మంది 3 మెగాబిట్ల వీడియో చూస్తే 60. మొత్తం సుమారు 83. కొంత వెసులుబాటు కలిపి సెకనుకు 150 మెగాబిట్ల కనెక్షను ఒకటి తెస్తే వీధికి సరిపోతుంది.

ఈ లెక్కలో అసలు విషయం గమనించారా? వ్యాపారికి ప్రాణమైన చెల్లింపు తీసుకునేది అతి తక్కువ. దాన్ని అడ్డుకునేది వీడియో. కాబట్టి చెల్లింపులకు మొదటి వరస, బిల్లులకు రెండో వరస, వీడియోకు చివరి వరస అని నియమం పెట్టుకోవాలి. మంచి రౌటర్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. కెమెరా బొమ్మలను కొట్టులోనే డిస్కులో దాచుకుంటే ఆ 20 కూడా మిగులుతుంది.

రెండో మెట్టు సర్వే. వీధిలో నడుస్తూ ఎక్కడ ఎంత తీవ్రత ఉందో, ఏ చానలు నిండి ఉందో ఫోనుతోనే కొలవవచ్చు. ఇటుక గోడను తరంగం కొంతవరకు దాటుతుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటులో చాలా నష్టపోతుంది. రేకుల షట్టరు దాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. నీరు పీల్చుకుంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి జనం కూడా అడ్డే. అందుకే బార్కస్ వంటి చోట పొద్దున ఖాళీ వీధిలో కొలిస్తే చాలదు. రంజాన్ సాయంత్రం హరీస్ కోసం జనం కిక్కిరిసినప్పుడు కొలవాలి. నెట్టు అవసరం ఎక్కువయ్యేది, తరంగం బలహీనపడేది ఒకే వేళలో!

మూడో మెట్టు యంత్రాలను అమర్చడం. వీధిలో నాలుగైదు చోట్ల తక్కువ శక్తి గల ప్రసార యంత్రాలను పెట్టి, వాటికి వరసగా 1, 6, 11, మళ్లీ 1, 6 చానళ్లు ఇవ్వాలి. ఒకే చానలు గలవి దూరదూరంగా పడతాయి. దగ్గరివారికి 5 గిగాహెర్ట్‌జ్ కూడా ఉంచాలి. పక్క వీధికి అందించాలంటే మేడ మీంచి మేడ మీదికి, ఒక దిక్కుకే పంపే ఏంటెనాలు వాడాలి. అవతలి ఏంటెనా కంటికి కనిపిస్తే చాలదు. తరంగం దారంలా కాక, మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా, దోసకాయ ఆకారంలో ప్రయాణిస్తుంది. 400 మీటర్ల దూరానికి, 6 సెంటీమీటర్ల తరంగానికి ఆ దోసకాయ మధ్యలో సగం మందం సుమారు రెండున్నర మీటర్లు. అందులోకి నీళ్ల ట్యాంకుగాని చెట్టు కొమ్మగాని వస్తే బలం తగ్గుతుంది. బార్కస్‌లో ఒకప్పటి జామతోటలు చాలావరకు ఇళ్లయ్యాయి. మిగిలిన చెట్లను నరకడం కంటే ఏంటెనాను కాస్త ఎత్తులో పెట్టడం మేలు.

నాలుగో మెట్టును చాలామంది మరిచిపోతారు. అదే కరెంటు. తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి 2000ల దశకం మధ్యలో ఊళ్లలోని కంటి కేంద్రాలను దూర వైఫైతో ఆసుపత్రికి కలిపింది. గ్రామస్థులు తమ ఊరి దగ్గరి నుంచే డాక్టరుతో మాట్లాడగలిగారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు ఇందులో సాయపడ్డారు. ఆ అనుభవం నేర్పిన పాఠం ఏమిటో తెలుసా? ఎక్కువ ఇబ్బంది పెట్టింది రేడియో తరంగాలు కాదు, వోల్టేజి హెచ్చుతగ్గులు. పరికరం ప్లగ్గును ఎవరో తెలియక ఊడదీయడం కూడా ఒక కారణమే! అందుకే అక్కడివారికే శిక్షణ ఇవ్వవలసి వచ్చింది. బజారు యంత్రాలకు కూడా బ్యాటరీ, వోల్టేజి రక్షణ, పిడుగుకు ఎర్తింగు, “తీయవద్దు” అని రాసిన ప్లగ్గు ఉండాలి.

చట్టం ఏమంటుంది?

ఒకరి పేరు మీద తీసుకున్న ఇంటి కనెక్షనును పదిమందికి అమ్ముకోవడం సరికాదు. దీనికి సరైన దారి ఒకటి ఉంది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ‘పి.ఎం.–వాణి’ అనే పథకాన్ని ఆమోదించింది. వెనుకటి రోజుల్లో కిరాణాకొట్టులో ఎస్.టి.డి. బూతు ఉండేది, మీ తాతయ్యను అడగండి. అదేవిధంగా ఇప్పుడు చిన్న కొట్టు ‘పబ్లిక్ డేటా ఆఫీసు’ కావచ్చు. దీనికి లైసెన్సు గాని, రిజిస్ట్రేషను గాని, ఫీజు గాని అక్కరలేదు. ఇలాంటి కొట్లను కలిపి నడిపే పై సంస్థ మాత్రం టెలికాం శాఖ దగ్గర నమోదు కావాలి. వాడుకునేవారిని గుర్తించే పని, లెక్కలు దాచే పని ఆ సంస్థ చూసుకుంటుంది.

పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచి ఉంచే ఉచిత వైఫైని నేను సమర్థించను. హోటలుకు వచ్చినవారి వైఫైని, కొట్ల బిల్లులు నడిచే వైఫైని వేరువేరుగా ఉంచాలి. నెట్‌వర్కు నడిపేవాడికి ఎవరు ఎప్పుడు ఏ సైటుకు వెళ్లారో కొంతవరకు తెలుస్తుంది. కాబట్టి ఆ పని నమ్మకస్తుడికే ఇవ్వాలి, హద్దులు కాగితం మీద రాసుకోవాలి.

కొన్ని సందేహాలు

“ఫోనులోనే డేటా ఉండగా ఈ శ్రమ ఎందుకు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. తోపుడు బండివారికి ఫోను డేటాయే చాలు. వారిపై ఖర్చు మోపకూడదు. కాని కాంక్రీటు గోడల వెనుక, నేలమాళిగలో సెల్ తరంగం సరిగా అందదు. పండుగ సాయంత్రాలలో సెల్ టవరు కూడా జనంతో నిండిపోతుంది. అప్పుడు రెండో దారి ఉండడం అవసరం.

“ప్రభుత్వమే పెట్టవచ్చు కదా?” అనేది రెండో ప్రశ్న. పెట్టిన ఉదాహరణలు ఉన్నాయి. 2016లో మన కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లలో రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై ఇచ్చాయి. 2020లో గూగుల్ ఆ కార్యక్రమం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 2017లో హైదరాబాదులో ‘హై–ఫై’ పేరుతో ప్రజా వైఫై కేంద్రాలు వచ్చాయి. ఇవి మంచి పనులే. అయితే బయటివారు పెట్టినది బయటివారి నిర్ణయంతో ఆగవచ్చు. మధ్యప్రదేశ్‌లోని చందేరిలో 2010 నుంచి చేనేతవారి కోసం సమాజ వైఫై నడిపిన ప్రయత్నంలో స్థానికులకే ఆ విద్య నేర్పారు. బార్కస్‌లో కూడా పాలిటెక్నిక్, ఐటీఐ చదివిన యువకులకు కొదవ లేదు. వారిలో ఒకరికి దుకాణదారులు కలిసి నెలజీతం ఇస్తే ఆయనే మన నీరటి. ఖర్చు మాత్రం సమానంగా పంచకూడదు, వాడకాన్ని బట్టి పంచాలి. వీడియో నడిపే హోటలూ, చెల్లింపు మాత్రమే జరిగే గాజుల కొట్టూ ఒకే చందా ఇవ్వడం న్యాయం కాదు.

మీరూ చేసి చూడండి

1. మీ వీధిలో యాభై అడుగులకు ఒకసారి ఆగి, ఫోనులో ఎన్ని వైఫై పేర్లు కనిపిస్తున్నాయో రాయండి. ఎవరి నెట్‌వర్కులోకీ చొరబడకండి; పేర్లు లెక్కిస్తే చాలు.

2. ఉచిత వైఫై ఎనలైజరు యాప్‌తో ఏ చానలులో ఎన్ని ఉన్నాయో పట్టిక వేయండి.

3. పొద్దున ఒకసారి, సాయంత్రం రద్దీలో ఒకసారి కొలిచి తేడా చూడండి.

4. వీధి పటం గీసి, ఇటుక గోడ, కాంక్రీటు గోడ, రేకు, చెట్టు గుర్తులు పెట్టండి.

5. మేడలు, స్తంభాలు మాత్రం ఎక్కకండి. వేలాడే తీగను ముట్టుకోకండి. ఆ పని తెలిసిన పెద్దలది.

ఈ పటాన్ని మీ సైన్సు మాస్టారుకు చూపించి, వారితో కలిసి మీ వీధి దుకాణదారుల దగ్గరికి తీసుకువెళ్లండి. “అంకుల్, మన వీధిలో ఆరో చానలులోనే పదహారు రౌటర్లు ఉన్నాయి” అని లెక్కతో చెబితే వారు తప్పక వింటారు. కొత్త రౌటరు కొనడానికి తీసిన డబ్బును పక్కన పెట్టి, పక్క కొట్టువారిని పిలిచి కూర్చోబెడతారు. ఆ మాటలు మొదలైతే సగం నెట్‌వర్కు తయారైనట్లే.